వ్యాన్ దిగి నేరుగా స్టూడియోకి వెళ్లొద్దు

ఏడాది పొడవునా ఊరూరా తిరిగి వాయించి వచ్చిన రాక్ బ్యాండుకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఇప్పుడు మంచి ఊపు మీదున్నారు, ఈ వేడిలోనే ఆల్బం చేసెయ్యండి." వందసార్లు వాయించిన పాటలు కాబట్టి తప్పులు రావు, నాలుగు రోజుల్లో పని తెమిలిపోతుంది, స్టూడియో అద్దె మిగులుతుంది అని లెక్క. ఈ లెక్క తప్పని నా వాదన. టూరు బ్యాండుకి ఇచ్చేది ఒకటి, అంటగట్టేది ఇంకొకటి. ఇచ్చేది వినికిడి: పక్కవాడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ అందుకుంటాడో తల తిప్పి చూడకుండానే తెలియడం. అంటగట్టేది అలవాటు: పరుగు, మోత, అరుపు. వేడి మీద స్టూడియోలోకి దూరితే టేపు మీద ముందు పడేది ఆ అలవాటే. వినికిడి నాలుగు వారాలాగినా ఎక్కడికీ పోదు. అలవాటు రెండు మూడు వారాల్లో వదులుతుంది. ఆ రెండు మూడు వారాల గురించే ఈ వ్యాసం.

దీనికి వాషింగ్టన్ డి.సి. బ్యాండ్ ఫుగాజీని మించిన ఉదాహరణ నాకు కనపడదు. ఇయాన్ మెకాయ్, గై పిచియోటో గిటార్లు వాయిస్తూ పాడేవారు, జో లాలీ బేసు, బ్రెండన్ కాంటీ డ్రమ్ములు. 1987లో మొదలుపెట్టి 2002 చివర్లో ఆగేదాకా వెయ్యి కచేరీలు దాటించారు. చాలా ఏళ్లు టికెట్టు ఐదు డాలర్లే, ఏ వయసువాళ్లయినా రావచ్చు. రికార్డులన్నీ మెకాయ్ తన స్నేహితుడితో కలిసి నడిపే డిస్కార్డ్ లేబుల్ (రికార్డు కంపెనీ) మీదే. ఇంకో ముఖ్యమైన సంగతి, వాళ్లు పాటల వరస ముందుగా రాసుకునేవాళ్లు కాదు. ఏ పాట తర్వాత ఏ పాటన్నది స్టేజీ మీదే తేలేది. ఒకరు రెండు స్వరాలు మీటితే మిగతా ముగ్గురూ అందుకోవాలి. పదిహేనేళ్లు అలా వాయిస్తే నలుగురి మధ్య వినికిడి ఏ స్థాయికి చేరుతుందో ఊహించుకోండి. ఆ కచేరీల్లో 800కు పైగా టేపు మీద ఉన్నాయి. 2011 డిసెంబరు నుంచి డిస్కార్డ్ వాటిని విడతలుగా ఇంటర్నెట్‌లో పెట్టింది, అడిగే ధర అప్పటి టికెట్టులాగే ఐదు డాలర్లు. ఒక పాట స్టేజీ మీద ఎలా పెరిగిందో, స్టూడియోలో ఏమైందో పక్కపక్కన పెట్టి వినగలిగే బ్యాండ్లు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

1988 చివర్లో వీళ్లు యూరప్ అంతా తిరిగి, ఆ టూరు చివర లండన్‌లోని సదరన్ స్టూడియోస్‌లో జాన్ లోడర్‌తో రికార్డింగుకి కూర్చున్నారు. అనుకున్నది పూర్తి ఆల్బం. వాయించి వాయించి అలసిపోయి ఉన్నారు, చేసినది వాళ్లకే నచ్చలేదు. చివరికి ఆరు పాటలు మిగుల్చుకుని 'మార్జిన్ వాకర్' అనే చిన్న రికార్డుగా 1989లో విడుదల చేశారు. ఆ ఆరు పాటలకీ అభిమానులున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. కానీ ఆల్బం కావలసింది ఆరు పాటల దగ్గర ఆగిపోయిందన్న సంగతి మరిచిపోకూడదు.

ఆ తర్వాతి ప్రయత్నం చూడండి. 1989లో సొంతూరి పక్కన, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో, డాన్ జియెంటారా నడిపే ఇన్నర్ ఇయర్ స్టూడియోలో చేశారు. ప్రొడ్యూసర్ టెడ్ నైస్లీ అప్పట్లో వంట నేర్పే కళాశాలలో చదువుతున్నాడు, అందుకని అతని క్లాసుల వేళ చూసుకుని పొద్దున పూట కొన్ని గంటలు మాత్రమే పని చేసేవాళ్లు. ఇదేదో ఇబ్బందిలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఆ ఆల్బం, 1990లో వచ్చిన 'రిపీటర్', అంత పదునుగా ఉండటానికి ఒక కారణం అదే. రాత్రంతా నిద్రపోయి లేచిన చెవులు, మూడు నాలుగు గంటలకి మించని పని, సాయంత్రం ఇంటి భోజనం. టూరులో దొరకనివి ఇవే.

తర్వాత 1991లో వచ్చిన 'స్టెడీ డైట్ ఆఫ్ నథింగ్' బ్యాండ్ వాళ్లే సొంతంగా ప్రొడ్యూస్ చేసుకున్నది. దాన్ని ఆ ఏడాది కచేరీ టేపుల పక్కన పెట్టి వింటే తేడా తెలిసిపోతుంది. అవే పాటలు, అవే చేతులు, కానీ రికార్డు మీద డ్రమ్ములు ఎండిపోయినట్టు, గిటార్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ వెనక్కి జరిగినట్టు ఉంటుంది. 1992లో మళ్లీ ఇంకో పాఠం. షికాగో వెళ్లి స్టీవ్ ఆల్బినీతో కొత్త పాటలు రికార్డు చేశారు. ఆల్బినీ పద్ధతి అందరికీ తెలిసిందే: బ్యాండు మొత్తాన్ని ఒకేసారి వాయించనివ్వడం, మైకులు సరిగ్గా పెట్టి పక్కకి తప్పుకోవడం. ఆ గదిలో అందరికీ అద్భుతంగా వినిపించింది. ఇంటికెళ్లి విన్నాక ఎవరికీ నచ్చలేదు, ఆల్బినీ కూడా కుదరలేదనే ఒప్పుకున్నాడు. పాటలన్నీ మళ్లీ ఇన్నర్ ఇయర్‌లో, నైస్లీతో, మొదటినుంచి చేశారు. 1993లో వచ్చిన 'ఇన్ ఆన్ ద కిల్ టేకర్' అదే. ఆల్బినీ లాంటి చెవి ఉన్నవాడు, ఫుగాజీ లాంటి చేతులున్నవాళ్లు కూడా బాగుందో లేదో ఆ గదిలో పోల్చుకోలేకపోయారు. అందుకే "స్టూడియోలో అదిరిపోయింది" అన్న మాటకి నేను విలువ ఇవ్వను. రెండు రోజులు ఆగి, తక్కువ మోతలో, వేరే స్పీకర్ల మీద విన్నాక చెప్పే మాటకే విలువ.

టూరు వేడిలో ఏం పాడవుతుందో విడివిడిగా చూద్దాం.

మొదటిది కాలప్రమాణం. జనం ముందు నిలబడితే గుండె వేగం పెరుగుతుంది, దాంతో డ్రమ్మరు చెయ్యి కూడా. నిమిషానికి 120 దెబ్బల దగ్గర రాసుకున్న పాట నెలలు గడిచేసరికి 128 దగ్గర స్థిరపడుతుంది, బ్యాండులో ఎవరికీ తెలియకుండానే. నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 45 సెకన్లకి దిగుతుంది. పదిహేను సెకన్లేగా అనిపిస్తుంది. కానీ గాయకుడు పదాల మధ్య ఊపిరి తీసుకునే సందులు మూసుకుపోయేది ఆ పదిహేను సెకన్లలోనే. హాలులో జనం అది పట్టించుకోరు, ఎందుకంటే వాళ్ల గుండె కూడా అదే వేగంలో ఉంటుంది. ఇంట్లో కూర్చుని వినేవాడికి మాత్రం ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది.

దీనికి మందు క్లిక్ ట్రాక్, అంటే చెవిలో టిక్ టిక్‌మంటూ వేగం చెప్పే చప్పుడు, అనుకుంటారు. కాదు. 128కి అలవాటుపడ్డ బ్యాండుకి 120 క్లిక్ పెడితే ప్రతి దెబ్బకీ ముందుకి తూలుతూ, వెనక్కి లాక్కుంటూ వాయిస్తారు. అది పరుగుకన్నా అన్యాయంగా వినిపిస్తుంది. చేయాల్సిందేమిటంటే, టూరులో మిక్సింగ్ బోర్డు (అన్ని మైకుల శబ్దాలూ వచ్చి కలిసే పెట్టె) నుంచి ప్రతి రాత్రీ రెండు చానెళ్లలో రికార్డు చేసుకోవాలి, హాలు వెనక నుంచి ఇంకో జత మైకులు కలిపితే మరీ మంచిది. బోర్డు రికార్డింగులో గొంతు పెద్దగా, గిటార్లు సన్నగా ఉంటాయి, ఎందుకంటే చిన్న హాళ్లలో గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్‌ల మోత హాలు స్పీకర్ల అవసరం లేకుండానే జనానికి చేరుతుంది, బోర్డులోకి అంతగా రాదు. టూరు అయ్యాక ఒక్కో పాటకి తొలి వారం, మధ్య వారం, చివరి వారం రికార్డింగులు తీసి వేగం కొలిచి కాగితం మీద రాయాలి. మాటలు స్పష్టంగా అర్థమవుతూ, డ్రమ్మరు తొడ మీద కొట్టుకున్నా ఊపు తగ్గని వేగం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. చాలాసార్లు అది తొలి వేగానికీ చివరి వేగానికీ మధ్యలో, తొలిదానికి కొంచెం దగ్గరగా ఉంటుంది. ప్రతి టేకుకీ, అంటే రికార్డు చేసే ప్రతి ప్రయత్నానికీ, ముందు ఆ వేగాన్ని ఎనిమిది దెబ్బలు విని, క్లిక్ ఆపేసి వాయించాలి.

రెండోది, జనం చేతిలో పాట పెరిగిన తీరు. మన పద్య నాటకాలు చూసినవాళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. వన్స్ మోర్ పడేకొద్దీ రాగం సాగుతుంది, పద్యం చివరి పాదం పది నిమిషాలు పట్టినా ఎవరూ కదలరు. అదే నటుడు 78 వేగం గ్రామఫోను పలక కోసం పాడాల్సి వచ్చినప్పుడు ఒక వైపుకి పట్టేది మూడు నిమిషాలు, ఆ పైన కొద్ది సెకన్లు. ఏది పద్యం, ఏది హాలు కోసం చేసిన సాగతీత అన్నది అక్కడ తేల్చుకోక తప్పేది కాదు. రాక్ బ్యాండుకి ఇప్పుడు అలా మెడ మీద కత్తి పెట్టేవాళ్లు లేరు, అందుకే సాగతీత అంతా రికార్డులోకి వచ్చేస్తుంది. పదహారు దెబ్బల ఉపోద్ఘాతం పాటలో ఎందుకుందో వెతికితే, ఒక గిటారిస్టు తీగలు శ్రుతి చేసుకోవడానికి పట్టే సమయం అని తేలుతుంది. మధ్యలో డ్రమ్ములు మాత్రమే మోగే భాగం జనం చప్పట్ల కోసం. చివర సింబల్స్ (డ్రమ్మరు కొట్టే కంచు పళ్లేలు) మీద అరనిమిషం రోద "అయిపోయింది, కొట్టండి" అని చెప్పడానికి. ఇవేవీ తప్పులు కావు, స్టేజీకి అవసరమైనవే. రికార్డులో మాత్రం వాటికి పని లేదు.

అందుకే ఆల్బంకి పాటలు ఎంచేటప్పుడు, వంద రాత్రులు వాయించిన పాటకన్నా పది రాత్రులు వాయించిన పాటని నేను ముందు పెడతాను. పదిసార్లకి చేతులకి దారి తెలుస్తుంది, జనం ముందు ఎక్కడ తేలిపోతుందో కూడా తెలుస్తుంది, అలవాటు గుంటలు మాత్రం పడవు. ఒక్కసారి కూడా వాయించని పాటలు రెండు మూడు ఉండాలి, ఎందుకంటే స్టూడియోలో నలుగురూ ఒకరినొకరు నిజంగా వినేది ఆ పాటల్లోనే. వందసార్లు వాయించినవాటిని వదలలేమంటే, వాటిని విప్పి మళ్లీ కుట్టాలి. గుండ్రంగా కూర్చుని, ఆంప్‌లు లేకుండా, డ్రమ్మరు చేతిలో కర్రల బదులు బ్రష్‌లతో, మాట్లాడుకునేంత మోతలో ఒకసారి. గాయకుడు రాగం తీసేసి మాటలు చదువుతుండగా మిగతావాళ్లు వాయిస్తూ ఒకసారి. తర్వాత ఉపోద్ఘాతం తీసేసి నేరుగా మొదటి మాటతో మొదలుపెట్టి ఒకసారి. ఈ మూడింటిలో పాట కూలిపోతే, దాన్ని నిలబెట్టింది మోతేనని అర్థం. అలాంటి పాటని కచేరీలకే వదిలెయ్యడం మేలు.

మూడోది చెవులు. దీని గురించి బ్యాండ్లు మాట్లాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పని చోట్ల మోతకి అమెరికాలోని నియాష్ సంస్థ సిఫారసు చేసే హద్దు 85 డెసిబెళ్ల దగ్గర రోజుకి ఎనిమిది గంటలు. మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా సమయం సగానికి దిగుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర పావుగంట. రాక్ స్టేజీ మీద డ్రమ్ముల పక్కన వందకి తగ్గడమే అరుదు, కచేరీ గంటకి పైగా ఉంటుంది. అలాంటి రాత్రి తర్వాత చెవుల వినే శక్తి కొంత మొద్దుబారుతుంది, ముఖ్యంగా పైస్థాయి స్వరాలుండే 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. ఇది మామూలుగా గంటల్లో, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. రోజు విడిచి రోజు కచేరీ ఉంటే తగ్గే వ్యవధే దొరకదు. ఆ స్థితిలో మిక్సింగుకి, అంటే రికార్డు చేసిన వాయిద్యాల పాళ్లు సరిచేసి కలిపే పనికి, కూర్చుంటే పైస్థాయి స్వరాలు తక్కువగా ఉన్నట్టు తోస్తుంది, వాటిని పెంచుతారు, నెల తర్వాత వింటే సింబల్స్ సూదుల్లా గుచ్చుతాయి. టూరు చివరి నెలలోనైనా చెవికి ప్లగ్గులు పెట్టుకోవాలి. ఆఖరి కచేరీకీ మిక్సింగుకీ మధ్య రెండు వారాలు తప్పనిసరిగా ఉండాలి. ఆ తర్వాత కూడా చెవిలో గుయ్‌మంటూనే ఉంటే ఆల్బం సంగతి పక్కన పెట్టి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాలుగోది గొంతు. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, సంతలో మాట్లాడినట్టు. నెలల తరబడి అలా పాడినవాడు స్టూడియోలో నిశ్శబ్దంగా ఉన్నా అలాగే పాడతాడు. పైగా స్టేజీ మీద పెదవులు మైకుకి ఆనించి పాడటం అలవాటు. అంత దగ్గరలో మైకు కిందిస్థాయి స్వరాలని పెంచి చూపిస్తుంది, గొంతు నిండుగా వినిపిస్తుంది. స్టూడియోలో మైకు జానెడు దూరం జరిగేసరికి ఆ నిండుతనం పోయి, అది తన గొంతు లోపమే అనుకుని ఇంకా తోస్తాడు. సాయంత్రానికి గొంతు బొంగురు పోతుంది. హెడ్‌ఫోన్లలో బ్యాండు మోత తగ్గించడం, ఒక చెవి బయట పెట్టుకుని పాడటం, రోజుకి రెండు గంటలకి మించి గట్టి పాటలు పెట్టుకోకపోవడం, ఇంతే మందు. టూరులో గొంతు కాపాడుకోవడానికి గిటార్లు అర స్వరం దించుకుని ఉంటే, రికార్డుకి ఏ శ్రుతి అన్నది ముందే తేల్చుకోవాలి. స్టూడియోలో తేల్చుకుందామంటే రెండు రోజులు పోతాయి.

మరి టూరులోనే రికార్డు చేసేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అంటారు. జార్జియాలోని ఏథెన్స్ నుంచి వచ్చిన ఆర్.ఇ.ఎం. ఆ పని చేసింది. చిన్న లేబుల్ మీద మొదలై అప్పటికే పెద్ద కంపెనీ వార్నర్‌కి వెళ్లిపోయిన బ్యాండు అది. 1995 టూరు పొడవునా సౌండ్ చెక్కుల్లో (కచేరీకి ముందు ఖాళీ హాలులో శబ్దం సరిచూసుకునే వేళ), కచేరీల్లో కొత్త పాటలు టేపు మీదికి ఎక్కించి, ఆ తర్వాత సియాటిల్ స్టూడియోలో మిగతావి చేసి, 1996లో 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై'గా తెచ్చారు. సౌండ్ చెక్కులో కాలప్రమాణం పరుగెత్తదు, జనం లేరు కాబట్టి ఎవరి కోసమూ సాగతీత ఉండదు, చేతులు మాత్రం రోజూ వాయించే చేతులే. ఇది గొప్ప ఆలోచన. కానీ దానికి తోడుగా రికార్డింగు సరంజామా, దాన్ని చూసుకునే మనుషులు ప్రతి ఊరికీ రావాలి. ఖాళీ హాలు జనంతో నిండిన హాలు కన్నా చాలా ఎక్కువగా మారుమోగుతుంది, ఆ మోగుడు డ్రమ్ము మైకుల్లో పడ్డాక తీసెయ్యలేం. పైగా ఆ టూరులోనే, మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ మధ్యలో డ్రమ్మరు బిల్ బెర్రీ మెదడులో రక్తనాళం ఉబ్బి కుప్పకూలాడు. శస్త్రచికిత్స జరిగి కోలుకున్నాడు. టూరు మనిషి ఒంటి మీద ఎంత బరువు మోపుతుందో ఆలోచించకుండా దాని మీద రికార్డింగు పని కూడా పెట్టడానికి నాకు మనసొప్పదు. వ్యాన్‌లో తిరిగే బ్యాండుకి సౌండ్ చెక్కులో దొరికేది ఇరవై నిమిషాలు. అందులో ఫోనుతోనో చిన్న రికార్డరుతోనో కొత్త ఆలోచనలు పట్టుకుంటే చాలు.

టూరు ఇచ్చిన వినికిడిని చెడగొట్టకుండా రికార్డు మీదికి తెచ్చిన బ్యాండుగా నేను చూపించేది బిగ్ థీఫ్‌ని. 2016లో 'మాస్టర్‌పీస్', 2017లో 'కెపాసిటీ' తెచ్చి, దాదాపు ఎడతెరిపి లేకుండా కచేరీలు చేసిన బ్యాండు అది. 2019 నాటికి అందులో నలుగురు: ఎడ్రియన్ లెంకర్, బక్ మీక్, మాక్స్ ఒలార్చిక్, జేమ్స్ క్రివ్‌చెనియా. 2019లో వీళ్లవి రెండు ఆల్బంలు వచ్చాయి. మేలో వచ్చిన 'యు.ఎఫ్.ఓ.ఎఫ్.' వాషింగ్టన్ రాష్ట్రంలో, చెట్ల మధ్య పాత కొట్టాన్ని మార్చి కట్టిన బేర్ క్రీక్ స్టూడియోలో చేసింది. అది అయిన కొద్ది రోజులకే టెక్సస్‌లో ఎల్ పాసో పక్కన, పెకాన్ తోటల నడుమ ఉండే సానిక్ రాంచ్‌కి వెళ్లి రెండోది చేశారు. అక్టోబరులో వచ్చిన 'టూ హ్యాండ్స్' అది. రెండింటికీ ప్రొడ్యూసర్ ఆండ్రూ సార్లో, ఇంజనీరు డామ్ మాంక్స్. మొదటిదాంట్లో పొరలున్నాయి, పొగమంచు ఉంది. రెండోదాంట్లో దాదాపు ఏమీ కలపలేదు: రెండు పాటలు తప్ప మిగతా అన్నింట్లో గొంతు కూడా వాయిద్యాలతో పాటు అప్పటికప్పుడు పాడిందే.

ఆ రెండో ఆల్బం గట్టిగా ఉండటానికి కారణం వాళ్లు స్టేజీ మీద ఉన్నట్టే వాయించడం అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. స్టేజీ మీద నలుగురూ జనం వైపు తిరిగి ఉంటారు, మానిటర్లలో (తమ వైపు తిప్పి పెట్టిన స్పీకర్లలో) ఎవరికి కావలసింది వాళ్లు వింటారు. 'టూ హ్యాండ్స్'లో వినిపించేది ఒకరికొకరు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో కూర్చుని, గదిలో గాలిని పంచుకుంటున్న నలుగురు. పైగా దానికి ముందు వారాలన్నీ ఇంకో ఆల్బం మీద, చిన్న మోతలో, సన్నని పనితనంతో గడిపారు. అంటే టూరు అలవాటు వదిలించుకోవడానికి వాళ్లకి దొరికిన వ్యవధి ఆ మొదటి ఆల్బమే. నా రెండు మూడు వారాల వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అలా ఒకే గదిలో వాయించి రికార్డు చేయాలంటే కొన్ని లెక్కలు తప్పకూడదు. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ఒకే డ్రమ్ముని రెండు మైకులు 34 సెంటీమీటర్ల తేడాతో వింటుంటే, ఆ రెండూ కలిసినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర శబ్దం రద్దై గొయ్యి పడుతుంది. డ్రమ్ము ఒళ్లు, గిటారు నిండుతనం ఉండేది ఆ చుట్టుపక్కలే. చాలా ఇంటి రికార్డింగుల్లో డ్రమ్ములు డొల్లగా వినిపించడానికి కారణం మైకుల ధర కాదు, ఈ దూరం. ఒక దారం తీసుకుని స్నేర్ డ్రమ్ము మధ్యనుంచి పైన వేలాడే రెండు మైకులకీ ఒకే పొడవు వచ్చేలా పెట్టాలి. ఒక్కో మైకు తన వాయిద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క వాయిద్యపు మైకు దానికి కనీసం మూడు రెట్లు దూరంలో ఉండాలి. గాయకుడి మైకు వెనకభాగం డ్రమ్ముల వైపు తిప్పాలి, కార్డియాయిడ్ రకం మైకు అతి తక్కువగా వినేది వెనకనుంచే. గిటారు ఆంప్‌లకీ డ్రమ్ములకీ మధ్య పరుపులు నిలబెట్టినా పని జరుగుతుంది. ఎంత చేసినా ఒకదాని శబ్దం ఇంకోదాని మైకులోకి చొరబడుతుంది. అంటే గొంతు ఒక్కటే మళ్లీ పాడి అతికించడం కుదరదు, పాట బాగా రాలేదంటే అందరూ మళ్లీ వాయించాల్సిందే. భయపడాల్సిన పని లేదు. టూరులో సంపాదించుకున్నది ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

సామాను కూడా టూరులో ఉన్నట్టే తెచ్చి పెట్టకూడదు. స్టేజీ మీద డ్రమ్ములతో పోటీ పడే 100 వాట్ల ఆంప్ బదులు 15, 20 వాట్లది తేవాలి. తేడా ఏడెనిమిది డెసిబెళ్లే, కానీ చిన్న ఆంప్‌లో వాల్వులు (శబ్దాన్ని పెంచే గాజు గొట్టాలు) గది ఓర్చుకునే మోతలోనే వేడెక్కి పలుకుతాయి. డిస్టార్షన్, అంటే గిటారు శబ్దాన్ని గరుకుగా చేసే ప్రభావం, స్టేజీ మీద పెట్టేదానిలో సగం చాలు. ఎక్కువైతే మీటిన దెబ్బ అంచు చెరిగిపోయి రెండు గిటార్లూ ఒకే బురదలా కలిసిపోతాయి. టూరులో పగలకుండా ఉండాలని కొన్న దళసరి సింబల్స్ ఇంట్లో వదిలేసి, పల్చటివి అడిగి తెచ్చుకోవాలి. డ్రమ్మరు సింబల్స్ మెల్లగా, డ్రమ్ములు గట్టిగా కొట్టడం ఆ రెండు వారాల్లోనే సాధన చేయాలి, ఎందుకంటే దాన్ని మిక్సింగులో ఎవరూ సరిచేయలేరు. డ్రమ్ము తోళ్లు రికార్డింగుకి ముందురోజు మార్చి, వాయించి, సాగనిచ్చి, పొద్దున మళ్లీ శ్రుతి చేయాలి. గిటారు తీగలు కూడా ముందురోజే. నెలలు వ్యాన్‌లో ఎండకీ చలికీ తిరిగిన గిటారు మెడ కొంచెమైనా వంగుతుంది, అలాంటప్పుడు విడి తీగ శ్రుతిలో ఉన్నా పన్నెండో మెట్టు దగ్గర తప్పుతుంది. దాన్ని బాగుచేసే మనిషి దగ్గరికి టూరు అయిన వారంలోనే పంపాలి, చివరి రోజు కాదు.

రోజుకి మూడు పాటల కన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. పాటకి అయిదు టేకులు దాటితే ఆపి ఇంకో పాటకి వెళ్లాలి. చేసిన టేకుల్ని ఆ రాత్రి వినొద్దు, పొద్దున వినాలి, పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగే మోతలో. మోత ఎక్కువగా ఉంటే కిందిస్థాయి, పైస్థాయి స్వరాలు రెండూ నిండుగా వినిపిస్తాయి, ప్రతి టేకూ బాగున్నట్టే ఉంటుంది. ఎంపిక చేసే హక్కు ఒకరికే ఇవ్వాలి, ఆ ఒకరు బ్యాండు బయటి మనిషైతే ఇంకా మంచిది. నలుగురూ ఒకరి వాటా ఒకరు పెంచమని మర్యాదగా అడుగుతూ పోతే చివరికి ఎవరి వాటా వినపడని మిక్స్ వస్తుంది.

మిక్సింగు అయ్యాక తొందరపడేది ఎల్‌పీ (వినైల్ పలక) దగ్గర. ఆ పలకలు అచ్చువేసే ప్రెస్సింగుకి మూడు నాలుగు నెలలు మామూలు, 2021, 2022ల్లో అంతకు రెట్టింపు దాటింది. పన్నెండు అంగుళాల పలకకి ఒక వైపు 18 నుంచి 20 నిమిషాలు సుఖంగా పడతాయి, 22 దాటితే మోత తగ్గించి చెక్కాల్సి వస్తుంది. గాడి లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదై పైస్థాయి స్వరాలు చెదురుతాయి. కచేరీలో ఆఖరున వాయించే అతి గట్టి పాటనే వైపు ఆఖరున పెట్టాలని ప్రతి బ్యాండుకీ ఉంటుంది, పలక మీద మాత్రం ఆ చోటు నెమ్మది పాటది. నమూనా పలకలు వచ్చాక కనీసం రెండు వేర్వేరు టర్న్‌టేబుళ్ల మీద వినాలి. ఒకే చోట టక్కుమన్న చప్పుడు అన్ని నమూనాల్లోనూ ఉంటే అచ్చులోనే తప్పుంది, వెనక్కి పంపాలి. ఒక్కదాంట్లోనే ఉంటే అది ఆ పలక దోషం.

ఆల్బం బయటికి వచ్చేసరికి రికార్డు చేసి ఆరు నెలలవుతుంది, బ్యాండు మళ్లీ రోడ్డెక్కుతుంది. మొదటి రిహార్సలుకి ముందు రికార్డు వేసుకుని ప్రతి పాట వేగం మళ్లీ కొలిచి, ఆ అంకెలు దళసరి మార్కరుతో అట్ట మీద రాసి, డ్రమ్మరుకి కనపడేలా హై-హ్యాట్ (కాలితో తొక్కే జంట సింబల్స్) పక్కన నేల మీద టేపుతో అంటించాలి.